నావబల్ల మీద చోటు

మా తమ్ముడు ఫోన్ చేసి నాన్న వ్యాన్ బాగు చేయిస్తున్నామని చెప్పినప్పుడు నేను నరసన్నపేటలో మా ఇంటి పెరట్లో కూర్చుని కానాగడతలు కోస్తున్నాను. సంతోషించాల్సిన కబురే. ఇరవై ఏళ్ళకు పైగా ఎండకీ వానకీ ఉప్పు గాలికీ వదిలేసిన బండి మళ్ళీ కదులుతుందంటే ఎవరికి చేదు? కానీ వాడు అక్కడితో ఆగలేదు. ఆలోచన తన పెళ్ళాందేననీ, మెకానిక్కుని వెతికిందీ నాన్నని ఒప్పించిందీ కూడా ఆవిడేననీ గొప్పగా చెప్పుకొచ్చాడు. నా చేతిలో చేప జారి బూడిదలో పడింది. ఆ పూట కూర ఎలా కుదిరిందో మా ఆయన్ని అడగాలి.

ముందు ఆ వ్యాన్ సంగతి చెప్పాలి. మాది భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చేపల వేటగాళ్ళ ఊరు. నాన్న వయసులో ఉన్నప్పుడు నావ మీద వేటకెళ్ళేవాడు. ఒక తుఫానుకి నావ నడుం విరిగింది. మళ్ళీ కట్టించుకునే ఓపిక లేక, విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేసిన వ్యాన్ ఒకటి కొనుక్కొచ్చాడు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన నీలం రంగు బండి. ఒడ్డున దిగిన చేపల్ని గంపలకెత్తి, ఆ గంపలతో పాటు మా అమ్మనీ, చేపలమ్మే మిగతా ఆడవాళ్ళనీ వెనక ఎక్కించుకుని, పొద్దు పొడిచేసరికి విజయనగరం మార్కెట్టుకి చేర్చేవాడు.

కొన్నప్పుడు దాని ముందు సీటు స్ప్రింగులు బయటికొచ్చి కూర్చునేలా లేదు. నాన్న ఆ సీటు పీకి పారేసి, విరిగిన నావలోంచి అడ్డబల్ల ఒకటి తెచ్చి, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా బోల్టులతో బిగించాడు. అడ్డబల్ల అంటే నావకి అడ్డంగా ఉండేది, తెడ్డు వేసేవాళ్ళు కూర్చునేది. ఇక అక్కణ్ణుంచి నాన్న దృష్టిలో అది వ్యాన్ కాదు, నావే. మాలో ఆడది నావ ఎక్కకూడదు. ఎక్కితే గంగమ్మ తల్లికి కోపం వస్తుందంటారు. వెనక గంపల దగ్గర ఎంతమంది ఆడవాళ్ళు కూర్చున్నా ఫరవాలేదు, ఆ బల్ల మీద మాత్రం కూర్చోకూడదు. మా అమ్మ తన జన్మలో కూర్చోలేదు.

మా తమ్ముడు కూర్చున్నాడు. నాకన్నా చిన్నవాడు, ముక్కు చీదుకోవడం కూడా రానివాడు, రోజూ నాన్న కంటే ముందు ఎక్కేసి స్టీరింగు పట్టుకుని నోటితో హారన్ కొడుతుండేవాడు. రేడియేటర్లో నీళ్ళు పోసేది నేను. అద్దం తుడిచేది నేను. నాన్న వచ్చి తలుపు తీసి, వాణ్ణి తుంటితో నెడుతూ, "కూసింత జరగరా," అనేవాడు. వాడు కిలకిలా నవ్వుతూ జరిగేవాడు. బండి వెళ్ళిపోయేది. నేను ఖాళీ బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడేదాన్ని. ఆ రెండు ముక్కలు నాన్న నాతో అనాలని ఎంత ఏడ్చానో ఎవరికీ తెలియదు. ఒకసారి ఎక్కుతానని కాళ్ళు పట్టుకున్నాను కూడా. ఆడపిల్లవి, నీకెందుకే అని బుగ్గ గిల్లి పోయాడు. బుగ్గ గిల్లడం ఎవరికి కావాలి?

నా పెళ్ళయిన కొన్నాళ్ళకి ఐసు పెట్టెల లారీలు ఒడ్డు దాకా రావడం మొదలైంది. వ్యాన్‌కి పని పోయింది. నాన్న దాన్ని ఇంటి పక్క సరుగుడు చెట్ల కింద నిలిపేశాడు. అదీ నావని నిలిపినట్టే, ముక్కు సముద్రం వైపు పెట్టి. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా దాన్ని చూసేదాన్ని. అందులో కోళ్ళు పొదుగుతుండేవి. ఎవరూ ఎక్కడం లేదు కదా అని నాకు కాస్త నెమ్మదిగా ఉండేది.

ఫోన్ వచ్చిన మర్నాడే బస్సెక్కాను. విమానాశ్రయం వస్తుందని మా వైపు ఊళ్ళన్నీ ఊగిపోతున్న రోజులవి. కార్లలో వచ్చి భూములు చూసుకుపోయేవాళ్ళు, ఒడ్డున ఫోటోలు దిగేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళకి వేడివేడిగా చేపల వేపుడు అమ్మాలని మా మరదలి ఎత్తు. వ్యాన్ పక్క రేకు కోసి కిటికీ పెట్టి, రోడ్డు పక్కన నిలుపుతుందట. మరదలు మాలో పిల్ల కాదు. నెల్లిమర్ల దగ్గర వరి పండించే రైతుల ఇంటి పిల్ల, తమ్ముడు ప్రేమించి చేసుకున్నాడు. పెళ్ళినాడు నాన్న మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల కలిపిన టీ అయితేనే తాగుతానన్నాడు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అనలేదు.

నేను వెళ్ళేసరికి బండి చుట్టూ సరుగుడాకు గుట్టలుగా ఊడ్చి ఉంది. లోపల్నించి కోళ్ళని తరిమి, పాత వలలు బయటికి లాగారు. టైర్లు సగం దాకా ఇసకలోకి దిగిపోయాయి. హైవే మీది షెడ్డు నుంచి వచ్చిన మెకానిక్కు బోనెట్టు కింద తలపెట్టి తనలో తాను తిట్టుకుంటున్నాడు. రేడియేటరు వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలుతోంది. వెనక తలుపులు మాత్రం నిన్న బిగించినట్టున్నాయి. ఎవరైనా బండి ముక్కు సముద్రానికి ఎదురుగా పెడతారా, వెనక్కి తిప్పి నిలిపి ఉంటే సగం బతికేది కదా అని అతను అడిగాడు. నాన్నకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

"నావ ముక్కు నీటేపు కాక ఊరేపు ఎడతారేటి?" అన్నాడు.

అంత పట్టింపున్న మనిషి ఆ పూట ఏం చేస్తున్నాడో చెప్పమంటారా? మా మరదలికి స్పానర్లు అందిస్తున్నాడు. ఆవిడగారు చీర మీద తమ్ముడి పాత చొక్కా తొడుక్కుని, డాష్‌బోర్డు మీది తుప్పుని ఉప్పుకాగితంతో గీకుతోంది. ఎక్కడ కూర్చుని? అడ్డబల్ల మీద. కాళ్ళు ఆడించుకుంటూ. నన్ను చూసి, వచ్చావా వదినా అని నవ్వింది. నా ఒళ్ళు భగ్గుమంది.

నాన్నని ఇంటి వెనక్కి పిలిచి ఇదేమిటని నిలదీశాను. తల గోక్కున్నాడు.

"అది పొలం పిల్ల. దానికి మన కట్టు నేదు," అన్నాడు.

"మరి నాకో?"

"నువ్వు గంగమ్మ బిడ్డవి కదే."

ఆ మాట ఎంత ప్రేమగా అన్నాడంటే, నాకు ఆ స్పానరు లాక్కుని దేన్నైనా బద్దలు కొట్టాలనిపించింది. గంగమ్మ బిడ్డనైతే బకెట్టు, కాకపోతే బల్లా? పెరటి చెట్టు మందుకి పనికిరాదంటే ఇదే కాబోలు.

బండి లేచేదాకా కదలనని అక్కడే ఉండిపోయాను. మా ఆయన ఫోన్ చేస్తే, బియ్యం ఎక్కడుంటాయో చెప్పి పెట్టేశాను. ఏ పనిలో తప్పు దొరుకుతుందా అని మరదలి వెనకే తిరిగాను. దొరకలేదు, అదొక బాధ. పట్టేసిన ఇంజనులో మెకానిక్కు డీజిలు పోసి నాననిస్తే, రోజూ పొద్దున్నే ఇంటిపనికన్నా ముందు వెళ్ళి తిరుగుతోందా లేదా అని చూసేది. ఎలకలు కొరికిన వైర్లన్నీ తీసి పక్కన పరిచి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకునేది. తుప్పు తిన్న అడుగు రేకు కోసి కొత్త రేకు అతికిస్తుంటే, వెల్డింగ్ నిప్పురవ్వలకి దూరంగా నాన్న కోసం కుర్చీ వేసేది. ఆ కుర్చీ వెయ్యాలని నాకెందుకు తోచలేదా అని మండిపోయాను.

రంగు దగ్గర గొడవ పెట్టుకుందామని చూశాను. తనకి చిలకాకుపచ్చ ఇష్టమట. పాత నీలమే వెయ్యాలని నేను పట్టుబట్టాను. ఒక్క మాట ఎదురు చెప్పకుండా, వదిన చెప్పిందే బాగుంది, నీలమే వేయండి అంది. నా మాట నెగ్గింది. నెగ్గనిచ్చింది తనైనందుకు అదీ చేదే అయింది.

ఇంజను లేచిన రోజు ఊరంతా పోగయింది. ఇక్కడ ఒక ముచ్చట ఉంది. చిన్నప్పుడు ఆ బల్ల మీద ఊరేగిన మా తమ్ముడికి ఈ రోజుకీ బండి నడపడం రాదు. నాన్న నేర్పబోతే, ఆయన చేతిలో దెబ్బలు తిని వదిలేశాడు. మరదలు పుట్టింట్లో ట్రాక్టరు తోలేది. తనే ఎక్కి తాళం తిప్పింది. బండి దగ్గింది, మళ్ళీ దగ్గింది, నల్లటి పొగ కక్కింది, కోళ్ళు కెవ్వుమని ఎగిరాయి. తరవాత ఆ పాత చప్పుడు వచ్చింది. నా చిన్నతనం అంతా నన్ను వదిలేసి వెళ్ళిపోయిన చప్పుడు. ఒకప్పుడు వెనక గంపల మధ్య కూర్చున్న ముసలమ్మలు వచ్చి బండి ఒంటి మీద చేతులు వేసి చూశారు. నాన్న స్టీరింగు వైపు తలుపు పట్టుకుని నిలబడి మరదలిని చూసి మురిసిపోతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. కాదు.

ఆ మర్నాడు విజయనగరం నుంచి సీట్ల పనివాడు ఫోమూ రెక్సినూ పట్టుకొచ్చాడు. రోడ్డు మీద నిలిపే బండి కదా, సీటు పొందికగా ఉండాలట. బోల్టులు ఊడదీసి అడ్డబల్లని కోళ్ళగూటి పక్కన పడేశారు. సాయంత్రానికి మెరిసిపోయే నల్లటి సీటు వచ్చింది. మరదలు నా చెయ్యి పట్టుకుంది. రేపు పూజ చేసి బండి కదిలించేటప్పుడు ముందర తన పక్కన నన్నే కూర్చోమంది. చిన్నప్పటి సంగతి తమ్ముడు చెప్పాడట. నేను నాన్న వైపు చూశాను. ఒక్కసారి ఆయన నోటితో రమ్మంటే చాలు, అన్నీ మరిచిపోయి ఎక్కేద్దును.

"కూకోయే. బల్ల తీసీసినారు కదా, ఇంక ఎవులైనా కూకోవచ్చు," అన్నాడు నాన్న.

ఎవరైనా. వినండి ఆ మాట. దేనికోసం నా చిన్నతనమంతా కుళ్ళి కుళ్ళి ఏడ్చానో, దాని మీద ఇప్పుడు ఎవరైనా కూర్చోవచ్చట.

"ఎవులైనా కూకునే సోటు నాకక్కర్లేదు," అన్నాను. మరదలి మొహం చిన్నబోయింది. పోనీ.

తెల్లారి పూజకి కొబ్బరికాయలు తెస్తుంటే, నేను అడ్డబల్లని నెత్తిన పెట్టుకుని బస్సు దగ్గరికి నడిచాను. మా అమ్మ గంప మోసిన నెత్తే, నాకూ వచ్చింది. తమ్ముడు వెనకే వచ్చి బతిమాలాడు, నేను తిరిగి చూడలేదు. బస్సులో ఆ బల్ల ఎక్కడ పెట్టినా ఎవరి మోకాలికో తగిలింది. ఏమిటమ్మా ఇది అని కండక్టరు విసుక్కున్నాడు. మా నాన్న ఆస్తిలో నా వాటా అన్నాను. సామాను టిక్కెట్టు కొట్టి ముందుకి పోయాడు.

పెరట్లో ఇటికల మీద ఆ బల్ల వేసి, దాని ముందు కత్తిపీట పెట్టుకున్నాను. బల్ల మీద ఒక కొసన నాన్న కూర్చున్న మేర అరిగి నున్నగా ఉంది. సరిగ్గా అక్కడే కూర్చుని చేపలు కోసేదాన్ని. గంగమ్మకి కోపం వస్తే వచ్చి నాతోనే చెప్పుకోమన్నాను. మా ఆయన నవ్వాడు. తను కూర్చోబోతే లేపేశాను.

కొన్ని వారాలకి ఒక మధ్యాహ్నం మా సందు మొదట హారన్ వినిపించింది. తొంగి చూస్తే నీలం వ్యాన్. స్టీరింగు దగ్గర మరదలు, పక్కన నాన్న, వెనక వేపుడు మూకుళ్ళ మధ్య తమ్ముడు. రోడ్డు మీద అంత దూరం ఆయన ఆవిడ పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ వచ్చాడన్నమాట. ఎదురెళ్ళలేదు. వచ్చి నా బల్ల మీద కూర్చుని వంజరం చేప ముందేసుకున్నాను.

నాన్న ఇల్లంతా దాటుకుని పెరట్లోకి వచ్చాడు. నన్ను చూశాడు, బల్లని చూశాడు. వంగి బోల్టు కన్నంలో వేలు పెట్టి తడిమాడు. లెమ్మంటాడనుకున్నాను. లేవకూడదని కత్తిపీటని కాలితో గట్టిగా తొక్కి పట్టాను. గుమ్మంలో మరదలు నిలబడి మా ఇద్దర్నీ చూస్తోంది. తనకి కుర్చీ వెయ్యమని లోపలున్న మా ఆయనకి కేకేశాను, ఎందుకంటే ఆ బల్ల మీద ఇద్దరికే చోటుంది.

నాన్న పంచె సర్దుకుని, నన్ను తుంటితో నెట్టాడు.

"కూసింత జరగవే," అన్నాడు.

వినిపించింది. అయినా జరగలేదు. ఇంకోసారి అననీ అని, తల వంచుకుని చేప కోస్తూ అలాగే కూర్చున్నాను.