మక్క మొవ్వులో కత్తెర పురుగు

2018 యాసంగి. కొండగట్టు దిగువ ఊళ్లకు నేను ఏఈఓని, అంటే చేలల్లో తిరిగి రైతులకు సలహాలు చెప్పే ఉద్యోగిని. కొత్తగా చేరాను. మక్కజొన్న పురుగులన్నీ నాకు తెలుసనే ధీమా మాత్రం దండిగా ఉండేది.

ఒక ఉదయం రాజవ్వ ఫోన్ చేసి రమ్మంది. భర్త పోయాక కౌలుకు మక్క వేసుకున్న మనిషి. ఆ ఏడు ఇల్లు గడవాల్సింది ఆ చేను మీదే. వెళ్లేసరికి చేను గట్టు మీద ట్రాక్టర్ ఆగి ఉంది.

"దున్నిపిస్త బిడ్డా. విత్తనం నకిలీది. మంచి గింజైతే పురుగెట్ల వస్తది?"

ఇది పత్తి రైతుల మాట. బీటీ పత్తి గింజలోనే పురుగును ఆపే గుణం ఉంటుంది కాబట్టి, ఏ పైరుకు పురుగు పట్టినా తప్పు గింజదే అంటారు. తప్పు గింజది కాదని చెప్పగలిగాను గానీ, మరి ఇదేం పురుగు? కాండం తొలిచేది అందామంటే కాండానికి ఒక్క చిల్లూ లేదు. ఆకులేమో జల్లెడలైపోయాయి. మొక్క నడిమి లేత ఆకుల చుట్ట, మొవ్వు విప్పితే తడి రంపపు పొట్టులా రెట్ట, దాని కింద పురుగు. తల మీద తిరగేసిన ఇంగ్లీషు ‘వై’ అక్షరం లాంటి గుర్తు, తోక దగ్గర నాలుగు నల్లచుక్కలు. చదువుకున్న ఏ పురుగుతోనూ పోలిక కుదరలేదు. నాకు మతిపోయింది.

"దున్నాల్నా, ఉంచాల్నా?"

"నాకు తెల్వది పెద్దమ్మా. జర ఆగు, అడిగి చెప్త."

రాజవ్వ నా మొహం చూసి, ట్రాక్టర్‌ను వెనక్కి పంపేసింది.

నేను పంపిన పురుగు ఫోటోలు చూసి, వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్త సాయంత్రం ఫోన్ చేశారు. అది కత్తెర పురుగు, అమెరికా ఖండాలది. మట్టిలో కోశమై, చిన్న రెక్కల పురుగై లేస్తుంది. అక్కడ ఉత్తరాన చలికి చచ్చిపోయినా, ఏటా దక్షిణం నుంచి గాలి మీద మళ్లీ ఎగిరొస్తుందట. సముద్రం దాటి మా మక్కలోకి ఎట్లా వచ్చిందంటే ఆయనా సరిగ్గా చెప్పలేకపోయారు. మొవ్వు బతికే ఉంది కాబట్టి పైరు కోలుకుంటుంది, దున్నొద్దన్నారు.

మందు మొవ్వులోకే పడేలా కొట్టించాం. రాజవ్వ రోజూ ఆకులు తిప్పి గుడ్ల కుప్పలు నలిపేసింది. కంకులు కొంత గిడసబారినా పంట చేతికొచ్చింది.

కంకులు విరిచేటప్పుడు అడిగాను: "తెల్వదన్న గద, ట్రాక్టర్‌ను ఎట్ల తోలిచ్చినవ్ పెద్దమ్మా?"

"విత్తనాలాయన తెల్సన్నడు. మందులాయన తెల్సన్నడు. ఒక్కొక్కలు ఒక్కో మాట చెప్పిరి. తెల్వదన్నది నువ్వొక్కదానివే. ఇగ తెల్సుకునేదాక ఊకోవని నమ్మిన."

ఇప్పుడు ఏ చేనుగట్టున నిలబడినా, తెలియనప్పుడు తెలియదనే చెబుతాను.