గురుసామి మామ కొత్త ముడి నేర్చుకున్న ఆదివారం

మొన్న కూతురింటికి కోవిల్‌పట్టి వెళ్ళినప్పుడు, చేపల మార్కెట్టులో ఒక బుట్ట ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. మంచు ముక్కల మీద, మట్టిరంగులో, పెద్ద పళ్ళెమంత వెడల్పున పడుకుని ఉంది ఆ చేప. రెండు కళ్ళూ ఒకే పక్క. ఉప్పూ నాచూ కలిసిన ఆ వాసన తగలగానే గురుసామి మామ వచ్చి పక్కన నిలబడ్డట్టయింది. "ఎరుమై నాక్కు, వేణుమా అన్నా?" అని అడిగింది అమ్మే ఆమె. గేదె నాలిక కావాలా అని అర్థం. తమిళంలో దాని పేరే అది.

మామ మాకు చుట్టం కాదు. అరుప్పుక్కోట్టైలో నేను మగ్గం నేసిన షెడ్డు ఆయనది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మా నేతవాళ్ళలో గాలం పిచ్చి ఉన్నది ఆయనొక్కడికే. ఆదివారం తెల్లారగానే ఎట్టయాపురం మీదుగా తూత్తుకుడి పోయే బస్సెక్కేవాడు. "మా ఇంటాయనకి సముద్రంలో ఇంకో సంసారం ఉండాది" అని అత్త వీధంతా వినేట్టు ఎగతాళి చేసేది. పెద్ద ఎరుమై నాక్కును తన చేత్తో పట్టాలన్నది మామ కోరిక. ఎన్నేళ్ళు తిరిగినా చిన్నాచితకా చేపలే దొరికేవి.

తొంభైల చివర్లో మామ చేతిమగ్గాలు తీసేసి మరమగ్గాలు పెట్టించాడు. నాకు అప్పటికి ముప్పై దాటింది, ఇద్దరు పిల్లలు. నిన్నటిదాకా నా దగ్గర నేర్చుకున్నవాళ్ళ పక్కన కూర్చుని ఇప్పుడు నేను నేర్చుకోవాలంటే ప్రాణం చచ్చిపోయింది. మగ్గం వదిలేసి ఆలంగుళం గనికి పోయి సున్నపురాయి కొడతానని చెప్పేశాను. ఇంట్లో భార్య ఏడ్చింది. మామ మాత్రం వాదించలేదు.

"సోమవారం పోదువులే కాశీ. ఆదివారం నాతో రా, తోడు లేదు" అన్నాడు.

తూత్తుకుడిలో సముద్రంలోకి పొడుచుకుపోయిన రాళ్ళ కట్ట మీద కూర్చున్నాం. ఆ చేప ఇసుకలో ఒళ్ళు దాచుకుని పడుకుంటుందట, అందుకని ఎర దూరంగా పోయి అడుగున ఆనాలి. పొడవు చాలక మామ రెండు నైలాన్ తీగలు కలిపాడు. కలిపింది మా నేత ముడితోనే. తెగిన పడుగు పోగును రెప్పపాటులో అతికే ముడి అది, మాకు తాతల నుంచి వచ్చింది.

"మన ముడి యాడన్నా ఇడిపోయిందా?" అని మీసం దువ్వాడు.

ఎండెక్కాక తీగ బరువెక్కింది. రాయికి తగులుకుందన్నాను నేను.

"రాయి తల ఇదిలిస్తాదా? చూడప్పా!" మామ రాతికి కాలు తన్నిపెట్టాడు. లాగగా లాగగా నీళ్ళలో పరిచిన చాపలా పైకొచ్చింది. "వట్టి నాలిక చేప కాదురా! నోరు చూడు ఎంతుండాదో, పండ్లు చూడు! పై కన్ను నెత్తి అంచున ఉండాది. అదేరా, ఎరుమై నాక్కు!"

చేప ఒక్కసారి తిరగబడింది. కింది వైపు తెల్లగా మెరిసింది. అంతే, తీగ వదులైపోయింది. తెగలేదు, నేత ముడే జారి ఊడిపోయింది. నూలు నూలును పట్టుకుంటుంది కానీ, నున్నటి నైలాన్‌కి ఆ పట్టు ఎక్కడిది?

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మామ ఆ తీగ కొన చూసుకుని, లేచి, పక్కన గాలం వేస్తున్న మనిషి దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు. అతనికి మామ వయసులో సగం కూడా ఉండదు. "తంబీ, నాకు ముడి వేయడం తెలియదు, నేర్పించు" అని తమిళంలో అడిగాడు. పుట్టిన దగ్గర్నుంచి ముడులే వేసిన మనిషి ఆ మాట అన్నాడు!

అతను రెండు తీగల్నీ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి, ఉమ్మితో తడిపి, బిగించి చూపించాడు. మామ వేళ్ళు పాత దారే పడుతున్నాయి. తప్పింది, మళ్ళీ తప్పింది. అతను నవ్వితే మామ కూడా నవ్వాడు. "ఇన్నొరు తడవై కాట్టు తంబి" అన్నాడు, ఇంకొక తడవ చూపించమని. ఆ మొహంలో సిగ్గన్నది వెతికినా లేదు. నేను తెచ్చుకున్న చద్దన్నం మూత పెట్టేసి, ఆ వేళ్ళ వంకే చూస్తూ కూర్చున్నాను.

ఆలంగుళం పోనేలేదు నేను. సోమవారం వెళ్ళి మరమగ్గం పక్కన కూర్చున్నాను.

ఆ ఎండలు తగ్గకముందే మామ ఎరుమై నాక్కును పట్టాడు, కొత్త ముడితోనే. తడి గోనెలో చుట్టి బస్సులో తెచ్చాడు, కండక్టర్ తిట్లన్నీ నవ్వుతూ తిన్నాడట. అత్త పులుసు పెట్టి షెడ్డంతటికీ వడ్డించింది. "సవతి రుచిగానే ఉండాది" అంది. మామ అంతగా మురిసిపోవడం నేను మళ్ళీ చూడలేదు.

ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ తలుచుకోని వారం ఉండదు. ఆ షెడ్డుకు ఇప్పుడు నేనే మేస్త్రీని. ఈ మధ్య కంప్యూటర్‌తో నడిచే మగ్గం వచ్చింది. నడపడం నేర్పడానికి ఒకమ్మాయి వచ్చింది, నా కూతురి కంటే చిన్నది. టకటకా మీటలు నొక్కి చూపించింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. షెడ్డంతా నావైపే చూస్తోంది. రాళ్ళ కట్ట మీద తడి తీగతో తంటాలు పడుతున్న మామ కళ్ళ ముందుకొచ్చాడు.

స్టూలు లాక్కుని ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను.

"ఇన్నొరు తడవై కాట్టుమ్మా" అన్నాను.