దేవదానం గారి ఎర్ర పెన్సిల్

మా చర్చి వెనక గదిలో కాగితాలకు చిల్లులు పొడిచే యంత్రం ఒకటుంది. పిడి కిందికి లాగితే కరక్కుమంటుంది. ఒకప్పుడు ఆ చప్పుడు వింటూనే బతికాను. పోయిన శనివారం షామ్‌బర్గ్‌లో, ఆ చర్చి గదిలోనే, మళ్ళీ విన్నాను. కాపీ మెషీనులోంచి అప్పుడే వచ్చిన వేడి కాగితం వాసన, చొక్కా చేతుల మీద రాలే సన్నటి కాగితం ముక్కలు, దువ్వెన పళ్ళలాంటి ప్లాస్టిక్ బైండింగు. "అంకుల్, మీకు బైండింగ్ వచ్చు కదా, కొంచెం హెల్ప్ చేస్తారా?" అని పాస్టరు గారి అమ్మాయి ఫోన్ చేస్తే వెళ్ళాను. దేవదానం గారి జ్ఞాపకార్థ కూడికలో పంచే పుస్తకమది. తిరగేస్తే మొదటి పేజీలోనే డాక్టర్ ప్రభాకర్ వ్యాసం. 'నా గురువు' అట. రాయమని నన్నెవరూ అడగలేదు. చిల్లులు పొడవడానికి మాత్రం పిలిచారు. ఎనభై పుస్తకాలు బైండు చేసి ఇచ్చి ఇంటికొచ్చాను. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

దేవదానం గారిని ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. గుంటూరు వైపు మనిషి. అరవైల్లోనే చదువుకోవడానికి అమెరికా వచ్చి, చికాగో శివార్లలో ఒక చిన్న ఇంజనీరింగ్ కంపెనీలో స్థిరపడ్డారు. పొట్టిగా, ఎండాకాలంలో కూడా ఊలు స్వెట్టరు వేసుకుని, నడుస్తున్నప్పుడు నేల వాసన చూస్తున్నట్టు తల వంచుకుని ఉండేవారు. ప్రభుత్వానికి ప్రపోజల్స్ తయారుచేసే విభాగం ఆయనది. ఫలానా చోట పాత ఫ్యాక్టరీ వాళ్ళు విషపు పీపాలు పూడ్చిపెట్టారు, కింద నీళ్ళు చెడిపోయాయి, బాగుచేసేవాళ్ళు కావాలి అని ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఎలా చేస్తామో, ఎవరిచేత చేయిస్తామో ఒక పుస్తకంగా రాసి గడువులోగా అందించాలి. నచ్చినవాళ్ళకే పని. ఆ పుస్తకంలో ముఖ్యమైనవాళ్ళ బయోడేటాలు ఉంటాయి, మనిషికో పేజీ. అందులో పేజీ ఉన్నవాడు మనిషి. లేనివాడు టేబులూ కుర్చీతో సమానం.

నేను టేబులూ కుర్చీ జాతివాణ్ణి. డెబ్భైల చివర నర్సు ఉద్యోగం మీద వచ్చిన నా భార్య సుశీల వెంట వచ్చాను. మెట్రిక్ లెక్కల్లో రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాను. చదువు అంతటితో సరి. తెనాలిలో ఒక సర్వేయరు దగ్గర గీతలు గీయడం నేర్చుకున్నాను. మిగతాదంతా లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే చెప్పుకున్న పాఠం. చర్చిలో అందరికీ నేను 'సుశీల గారి హస్బెండ్'ని. దేవదానం గారు నా చేతిరాత చూసి, "ఈ అక్షరాలు ఎవరు నేర్పారయ్యా?" అని అడిగి, మర్నాడే డ్రాఫ్ట్స్‌మన్‌గా చేర్చుకున్నారు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. పుస్తకం బయటికి వెళ్ళేముందు మొదటినుంచి చివరిదాకా ఆయన పైకి చదివేవారు. ఎదురుగా ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చునేవాణ్ణి. పుస్తకంలో మేం చెప్పుకున్న ప్రతి గొప్పకీ ఫైల్లో రుజువుంటే నేను "ఉంది" అనాలి. అనుమానం ఎవరికొచ్చినా "చూపించు" అనాలి. చూపించలేకపోతే ఆ వాక్యం కొట్టివేత. ఇంజనీర్లు 'ఈ పనిలో మాకు విస్తారమైన అనుభవం ఉంది' అని రాసి పంపేవారు. మొదటి వారమే అది విని నోరు జారి "చూపించండి" అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "విస్తారం అని ఫైల్లో ఎక్కడా లేదండి, నీళ్ళ పరీక్షకి తవ్విన బావుల లెక్కే ఉంది," అన్నాను. "మరి ఎన్నున్నాయి?" "పదకొండు." "అయితే పదకొండని రాద్దాం. పదకొండు బావులు తవ్వినవాడికి విస్తారం ఎందుకు?" అని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశారు. ఆయన టేబుల్ మీద గాజు గ్లాసులో ఎర్ర పెన్సిళ్ళు రెండుండేవి. ఒకటి ఆయనది. రెండోది తీసి నా చేతికిచ్చి, "ఇక ఇది నీది," అన్నారు. సాయంత్రం మళ్ళీ అదే గ్లాసులో పెట్టి వెళ్ళేవాణ్ణి. మూడేళ్ళు అలా గడిచాయి. అంత గర్వంగా నేనింకెప్పుడూ బతకలేదు.

ఎనభైల మొదట్లో ప్రభాకర్ వచ్చాడు. భూగర్భ జలాల మీద పిహెచ్‌డి. ఆరడుగుల మనిషి, చక్కని ఇంగ్లీషు. మంచివాడే. అతను మంచివాడు కావడమే నాకు ఇంకా కష్టమైంది, తిట్టుకోవడానికి వీల్లేకుండా. దేవదానం గారు నన్ను 'ఏమయ్యా' అనేవారు, అతన్ని 'నాయనా' అన్నారు. మధ్యాహ్నం ఆయన డబ్బాలోని గోంగూర పచ్చడి అప్పటిదాకా ఇద్దరం తినేవాళ్ళం, ముగ్గురమయ్యాం. ముందు అతనికే వడ్డించేవారు. నేను లెక్కపెట్టానని కాదు, కళ్ళకి కనబడేది. ఒకరోజు ఉదయం గ్లాసులో ఒకటే పెన్సిల్ ఉంది. రెండోది ప్రభాకర్ జేబులో.

ఆ ఏడే పెద్ద పని ఒకటి వచ్చింది. పాత రంగుల ఫ్యాక్టరీ స్థలం, పక్కనే మొక్కజొన్న చేలు. దేవదానం గారు నన్ను వెంటబెట్టుకెళ్ళి స్థలమంతా తిప్పారు. మా కంపెనీ ముందు వేసిన నక్షాలో పరీక్ష బావులన్నీ తూర్పున ఉన్నాయి. నేను చూస్తే పడమటి మూల పల్లంగా ఉంది, తుంగ పెరిగింది, ఆ పక్క రైతు పంపు కింద సిమెంటు మీద ఎర్రటి చారికలున్నాయి. చెడిన నీళ్ళు అటు పోతున్నాయని చెప్పాను. ఆఫీసుకొచ్చి బావులన్నీ పడమటికి మార్చి గీశాను. ప్రభాకర్ లెక్కలు కట్టి చూసి, "కరెక్టేనండీ యోహాను గారూ, భలే పట్టారు!" అన్నాడు. దాన్ని పది పేజీలుగా రాశాడు. నేను గీసిన నక్షా కింద అతని పేరు. బయోడేటాల మొదటి పేజీ అతనిది. నాకు పేజీయే లేదు.

అప్పుడు చేశాను ఒక పని. నా పేరుతో నేనే ఒక పేజీ టైపు చేసుకున్నాను. 'చదువు: డిప్లొమా ఇన్ సివిల్ ఇంజనీరింగ్' అని పెట్టాను. పేజీలు వరసపెట్టేది నేనే కాబట్టి బయోడేటాల చివర దోపేశాను. ఆయన పైకి చదువుతుంటే ఎదురుగా కూర్చుని "ఉంది" అనాల్సింది నేనేనన్న సంగతి ఆ ఉడుకులో తట్టనే లేదు.

శనివారం పొద్దున్న. ఆఫీసులో మేమిద్దరమే. ఆయన చదువుకుంటూ వచ్చారు, నేను ఉంది, ఉంది అంటున్నాను. నా పేజీ వచ్చింది. స్వరం మారలేదు. పేరు చదివారు, చదువు చదివారు, ఆగారు.

"ఉంది," అన్నాను.

"చూపించు."

"ఇండియాలో ఉందండి. పెట్టెలో."

"మెట్రిక్ లెక్కల్లో రెండుసార్లు పోయానని మొదటిరోజు చెప్పింది నువ్వే కదయ్యా. డిప్లొమా ఎప్పుడొచ్చింది, విమానంలోనా?"

నేను ఒళ్ళో ఫైలు మూసేశాను.

"గవర్నమెంటు వాళ్ళు ఒక్క ఫోన్ చేస్తే ఈ పుస్తకం చెత్తబుట్టలోకి పోతుంది. తర్వాత మనం రాసే పుస్తకాలు ఎవడూ తెరవడు. నీ పక్క టేబుళ్ళ వాళ్ళంతా రోడ్డున పడతారు. ఎందుకు చేశావ్?"

ఎందుకో చెప్పడానికి నా దగ్గర పెద్ద కారణాలు చాలా ఉన్నాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "మీరు నా పెన్సిల్ అతనికిచ్చారు!"

"ఏ పెన్సిల్?"

"ఎర్రది. గ్లాసులో రెండోది."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గులోకి దిగింది. "ఒరేయ్, ముగ్గురు పిల్లల తండ్రివి రా నువ్వు! పెన్సిల్ కోసం కంపెనీ ముంచుతావా?" కళ్ళు తుడుచుకుని అన్నారు: "ప్రభాకర్‌కి వింటే తప్పు తెలియదు. గీతలు గీసుకుంటూ చదివితే గాని పట్టుకోలేడు. అందుకని ఇచ్చాను. నువ్వు వింటూనే పట్టేస్తావు. నీకెందుకది?"

ఆ మాటకి కరిగిపోయానని రాస్తే చదవడానికి బాగుంటుంది. కరగలేదు. అయితే గ్లాసులో ఊరికే ఉంటే దానికొచ్చిన నష్టమేమిటి, అనే అనుకున్నాను.

నేను పేజీ చింపబోతుంటే చెయ్యి పట్టుకున్నారు. "పేజీ తియ్యను. అబద్ధం తీస్తా." తనే టైపు మెషీను ముందు కూర్చుని రెండు వేళ్ళతో కొట్టారు: చదువు, మెట్రిక్యులేషన్. "ఇప్పుడు నువ్వు చేసినవి చెప్పు." నేను చెప్పడం, ఆయన చూపించు అనడం, నేను ఫైలు తీసి చూపించడం. పడమటి మూల తుంగ, పంపు కింద చారికలు, బావులు మార్చిన నక్షా. మధ్యాహ్నానికి పేజీ నిండింది. సోమవారం కంపెనీ యజమాని దాన్ని పట్టుకుని, "ఇదేం డిగ్రీ?" అని అడిగాడు. "స్కూలు చదువు," అన్నారు దేవదానం గారు. "ఆ బావులెక్కడ ఉండాలో కనిపెట్టింది ఈయనే. ఈ పేజీ లేకపోతే నా సంతకం ఉండదు." యజమాని భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. పేజీ ఉండిపోయింది, అన్నిటికన్నా చివర.

పని మాకే వచ్చింది. ప్రభాకర్ దానికి అధికారి. నేను అతని కింద బావుల దగ్గర. తర్వాత ఎన్నో పుస్తకాల్లో నా పేజీ వెళ్ళింది, మెట్రిక్యులేషన్ అనే వెళ్ళింది. డిగ్రీలవాళ్ళ మధ్య ఆ మాట చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. కానీ ఎవరైనా ఫోన్ చేస్తారేమోనన్న భయం ఏనాడూ లేదు.

బైండు చేసిన పుస్తకంలో ప్రభాకర్ ఏం రాశాడో చదివాను. 'ఆయనిచ్చిన ఎర్ర పెన్సిల్ బెత్తెడు మిగిలింది, ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది,' అని రాశాడు. ఉంటుంది, ఎందుకుండదు. కానీ ఆయన ప్రభాకర్‌ని ఏనాడూ 'ఒరేయ్' అనలేదు. నన్ను ఒక్కసారి అన్నారు. ఆ సంగతి ఏ వ్యాసంలోనూ లేదు.

ఇది రాయడం అయ్యాక అలవాటు కొద్దీ పైకి చదివాను. ఈమధ్య సుశీలకే ఆ ఉద్యోగం. చిక్కుడుకాయలు వలుస్తూ ఎదురుగా కూర్చుని ఉంది, ఉంది అంటూ వచ్చింది. చివర్లో, 'ఇన్నేళ్ళ తర్వాత ప్రభాకర్ మీద నాకు ఏ అసూయా మిగల్లేదు' అని ఒక వాక్యం పెట్టాను. పెద్దవాణ్ణి కదా, బాగుంటుందని.

సుశీల చెయ్యి ఆపింది. "చూపించండి," అంది.

చూపించడానికి ఏమీ దొరకలేదు. కొట్టేశాను, బాల్‌పెన్నుతోనే. ఎర్ర పెన్సిల్ ప్రభాకర్ దగ్గరుంది కదా.