గోడ తాగిన పాలు

నా బిడ్డ పుట్టినప్పుడు అందరూ దాని ముక్కు ఎవరిది, కళ్లు ఎవరివి అని చూస్తుంటే, మా అవ్వ మాత్రం దాని నోటి వంక చూస్తూ నిలబడింది.

తిరుపతి ఆస్పత్రిలో కాన్పు. నర్సు బిడ్డను తుడిచి తెచ్చి నా రొమ్ముకు పెట్టింది. ఒళ్లంతా పిప్పి అయిపోయి ఉన్నా, ఆ చిన్న నోరు పట్టిన పట్టు నాకు తెలిసింది. మంచం పక్కనున్న అవ్వ, అంటే మా అమ్మకు అమ్మ, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవి ముర్రుపాలు గదమ్మే. పిండి పారేయాల. బిడ్డకు ఈబాకండి" అనింది.

"అవే మంచివవ్వా. బిడ్డకు మొదటి మందు అవే" అని నర్సు నవ్వుకుంటూ వెళ్లిపోయింది. అవ్వ మా అమ్మ వైపు తిరిగి, నేనక్కడ లేనట్టే మాట్లాడింది.

"తాగేసినాది. ఇంగేం సేసేది."

నేను చిత్తూరులో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. క్షీరదాల పాఠం ఏటేటా గొంతు చించుకుని చెప్పేదాన్ని, నా నోరు ఊరుకుంటుందా? "ఆవు ఈనితే ముర్రుపాలు దూడకు తాపుతారు, మిగిలినవాటితో జున్ను వండుకుని మీరు తింటారు. మనిషి బిడ్డ ఏం పాపం చేసింది?" అని అడిగాను. అవ్వ చెంగు దులుపుకుని వరండాలోకి నడిచింది. వాదన గెలిచాననుకున్నాను.

పాకాలలో మా ఇల్లు అవ్వది. అమ్మ పుట్టిందీ అక్కడే. మా నాయన ఇల్లరికం వచ్చాడు కాబట్టి నేనూ అక్కడే పుట్టాను. పెరట్లో నీళ్ల తొట్టి వెనక ఒక గోడ ఉంది. ఆ ఇంట్లో కాన్పయిన ప్రతి తల్లీ మొదటి పాలు ఆ గోడకే పిండింది. నేల మీద పడితే ఎవరైనా తొక్కుతారని, చీమలు పడితే పాలు ఇంకిపోతాయని నమ్మకం. తెల్లపాలు దిగేదాకా బిడ్డకు చక్కెర నీళ్లు. నాకు రావలసిన పాలు కూడా ఆ గోడే తాగిందని అమ్మ మామూలుగా చెబుతుంది. ఆ చోట సున్నం నిలవదు. ఎన్నిసార్లు కొట్టినా పొరలు పొరలుగా రాలిపోతుంది. తొట్టి చెమ్మ వల్ల అయ్యుంటుంది.

ఇంటికి తెచ్చాక అవ్వ బిడ్డను ముట్టుకోలేదు. మా అమ్మ ఉయ్యాల కట్టబోతే, "ఉండనీ, తొందరేముండాది" అనింది. చూడవచ్చినవాళ్లు బిడ్డ ఎట్లుందని అడిగితే, "ఇంగా తెలీదు" అని చెప్పి పంపేది. పొద్దున లేస్తూనే కిటికీ రెక్క తెరిచి, వెలుతురు బిడ్డ మీద పడేట్టు చేసి, అడుగు దూరం నుంచి చూసేది. ముసలితనం, చాదస్తం అని నేను లోలోపల విసుక్కున్నాను.

తర్వాత ఒకరోజు పెరట్లో తీగ మీద మా తాత తెల్లపంచె కనిపించింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అవ్వ దాన్ని పెట్టెలోంచి తీసి, ఉతికి, ఆరేసి, చించి, చిన్నగా మడత పెట్టింది.

"ఎందుకవ్వా? బిడ్డకు గుడ్డలు బోలెడున్నాయి గదా" అన్నాను.

"బిడ్డకే" అనింది.

అమ్మ వచ్చి ఆ మడతను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళం పడ్డాకగానీ ఆ గుడ్డ బిడ్డ పోతే చుట్టడానికని నాకు అర్థం కాలేదు. అప్పుడు నేను అరిచిన అరుపులు వీధి చివరిదాకా వినబడి ఉంటాయి. అవ్వ కోపగించుకోలేదు. నా వైపు జాలిగా చూసింది. ఆ జాలి నన్ను ఎక్కువ భయపెట్టింది.

అవ్వ చెప్పినవాటిలో ఇంకొకటి, సందెపొద్దున పాలివ్వకూడదని. "ఆ పొద్దు ఇంగోటి కూడా వస్తాది పాలకి" అనేది. ఏది వస్తుందని అడిగితే మాట మార్చేది. నేను లెక్కచేయకుండా ఇస్తూనే ఉన్నాను. ఒక సాయంత్రం బిడ్డ నిద్రపోతోంది. నేను పక్కన కూర్చుని ఫోను చూసుకుంటున్నాను. ఉన్నట్టుండి రెండు వైపులా పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. అప్పుడు గమనించాను, పెరటి వైపు నుంచి అప్పటికే సన్నగా ఒక ఏడుపు వినిపిస్తోంది. సత్తువ లేని బిడ్డ ఏడ్చినట్టు, ఆగి ఆగి. అవ్వ నా తడిసిన రవిక చూసింది. లేచి వెళ్లి పెరటి తలుపు మూసి గడియ పెట్టింది. ఏడుపు ఆగిపోయింది.

"పిల్లి లేమ్మా" అంది అమ్మ వంటింట్లోంచి, నేనేమీ అడగకముందే.

ఏ ఏడుపు విన్నా తల్లికి పాలు చేపుకొస్తాయి. అది ఏ హార్మోను పనో నేనే బోర్డు మీద రాస్తాను. రవిక తడవడానికి ఆ పాఠం సరిపోయింది. తలుపు మూయగానే ఏడుపు ఎందుకు ఆగిందో మాత్రం అందులో లేదు.

మర్నాడు అవ్వ కిటికీ తెరిచేసరికి బిడ్డ పచ్చగా ఉంది. ముఖం, ఛాతీ, కళ్లలో తెల్లగుడ్డు కూడా.

"సూడు, ఆ పాల రంగే ఒంటికెక్కినాది. పసుప్పచ్చ పాలు తాపితే ఇంగే రంగొస్తాది?" అనింది అవ్వ. "ఇప్పుడన్నా నిలిపేయమ్మే. సక్కెర నీళ్లు పోయండి."

బిడ్డ ఆకలికి ఏడుస్తోంది. నా చెయ్యి రవిక హుక్కు మీదే ఆగిపోయింది. చదివిందీ, చెప్పిందీ ఒక్కటీ గుర్తు రాలేదు. నా పాలంటే నాకే భయమేసింది.

నాయన ఆటో పిలుచుకొచ్చాడు. ఎవరూ రమ్మనకపోయినా అవ్వ కూడా ఎక్కి కూర్చుంది. తిరుపతి ఆస్పత్రి దాకా బిడ్డ వైపే చూస్తూ వచ్చింది. డాక్టరమ్మ బిడ్డ నుదుటిని బొటనవేలితో నొక్కి, వదిలి, రంగు చూసింది. రక్తపరీక్ష చేయించింది.

"కామెర్లే. అప్పుడే పుట్టిన పిల్లల్లో చాలామందికి ఈ పచ్చదనం వస్తుంది. లైటు కింద పెట్టేంత లేదు. పాలు మాత్రం మళ్లీ మళ్లీ పట్టించండి. తాగేకొద్దీ దిగిపోతుంది. ఆకలితో ఉంచితేనే ఎక్కువవుతుంది."

"ఇంగోసారి సెప్పు తల్లీ" అనింది అవ్వ. ఆమె ఓపికగా మళ్లీ చెప్పింది.

ఇంటికొచ్చాక పగలూ సందే అనకుండా పట్టించాను. అవ్వ ఎదురుగా కూర్చుని చూసేది. వద్దనడం మానేసింది. కిటికీ దగ్గర చూడడం మాత్రం మానలేదు. పసుపు ఛాతీ నుంచి పైకి పలచబడుతూ వచ్చి, చివరికి కళ్లలో కూడా లేకుండా పోయింది.

ఒక సాయంత్రం పెరటి తలుపు దగ్గర గాలికి కూర్చుని పాలిస్తున్నాను. అవ్వ వచ్చి పక్కన చతికిలబడి, మొదటిసారి బిడ్డను ముట్టుకుంది. డాక్టరమ్మ చేసినట్టే నుదుటిని బొటనవేలితో నొక్కి వదిలింది. కింద చర్మం తెల్లగా తేలి, మళ్లీ ఎర్రబడింది. పచ్చదనం లేదు.

అప్పుడు చెప్పింది. మా అమ్మకన్నా ముందు అవ్వకు ఒక బిడ్డ. ఆమె అత్త దగ్గరుండి పాలన్నీ గోడకు పిండించి, బిడ్డకు దూదితో చక్కెర నీళ్లు పట్టించింది. మొదట గట్టిగా ఏడ్చిన బిడ్డ, తర్వాత తర్వాత ఏడవడం తగ్గించింది. ఒక సందెవేళ అందరూ వాకిట్లో ఉండగా, అవ్వ తట్టుకోలేక దొంగతనంగా రొమ్ము అందించింది. మరునాటికి బిడ్డ పసుపుముద్ద అయిపోయింది. పోయింది. 'నీ పాలే సంపినాయి' అంది అత్త. బిడ్డను ఆ గోడ మొదలు దగ్గరే పూడ్చారు. పూడ్చి వచ్చాక అవ్వకు తెల్లపాలు దిగాయి. అవీ ఆ గోడకే పిండింది.

వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మ కూడా వింటోంది. ఇంత వివరంగా అమ్మకూ తెలియదని ఆ ముఖం చూస్తే అర్థమైంది.

"అయితే నా పాలు దాన్ని సంపలేదా?" అని అడిగింది అవ్వ.

"లేదవ్వా! పాలు చంపవు. నీ తప్పేమీ లేదు" అన్నాను గబగబా. ఇన్నేళ్ల బరువు నా చేతులతో దించానని నిజంగా సంతోషపడ్డాను.

"మరి ఎందుకు పోయినాది?"

"కామెర్లవ్వా. అప్పట్లో మందుల్లేవు."

అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఆకలితో ఉంచితే ఎక్కువైతాదని ఆయమ్మ రెండుసార్లు సెప్పినాది గదా."

అవ్వ గోడ వైపు చూడలేదు. నా బిడ్డ గుటకలు వేయడమే చూస్తూ ఉంది.

"ఆ పొద్దు అది రొమ్ము ఇడవలేదమ్మే" అనింది. "తాగతానే ఉండినాది. మా అత్త అడుగుల సప్పుడు ఇని, నేనే ఏలు పెట్టి నోరు ఇడిపించినాను."