మెడ దగ్గర రంగు వేయని చోటు

ఆ దసరాకు ముందు ఏ పని మొదలుపెట్టినా సగంలో లేచి వచ్చి బండి ముందు నిలబడేవాణ్ణి. అది పాత మోటారు సైకిలు. నాకంటే ముందు దాన్ని నడిపినాయన ఏడుపాయల దగ్గర మంజీర నీళ్లలో దించి దాటేవాడట. ఆ తడి ఫ్రేముకూ చక్రాలకూ తుప్పై మిగిలింది. సహకార సంఘంలో ఊళ్లు తిరిగే ఉద్యోగం నాకు దాదాపు ఖాయమైంది. సొంత బండి ఉండాలి, అది గట్టిగా ఉండాలి, పండుగ వెళ్లాక వచ్చి చూపించమన్నారు. ఈలోగా దానికి రంగు వేయించాలి. ఏ రంగు అన్నదే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

గ్రంథాలయంలో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. బడిలో నేను నేర్చుకున్న ఇంగ్లీషు తక్కువ. నిఘంటువు పక్కన పెట్టుకుని, మాట మాట కూడబలుక్కుని వ్యాసం మొత్తం చదివాను. విదేశాల్లో ఇనుము మీద పొడిరంగు చల్లి భట్టీలో కరిగిస్తారట. గీత పడదు, పెచ్చు లేవదు. ఆ పొడి మన దాకా రాలేదు కానీ, హైదరాబాదులో ఇనుప బీరువాలు చేసేవాళ్లు మామూలు రంగే పూసి భట్టీలో కాలుస్తారని వాకబు చేసి తెలుసుకున్నాను. ఫ్రేమూ చక్రాలూ విప్పి బస్సు మీద వేసి పంపితే చాలు. మెదక్‌లో ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. ఆ సంతోషం దాచుకోనూ లేదు.

నా మాట వినగానే మెకానిక్ చాచా చేతిలో పానా కింద పెట్టాడు.

"గిది బండి అనుకున్నవా బేటా, డబల్ రొట్టె అనుకున్నవా? భట్టిల పెడతనంటున్నవ్!"

"నువ్వు కుంచెతోని పూస్తే ఒక్క వానకాలం గూడ ఆగది చాచా."

"పోతే మల్ల పూస్త. నేనేడికన్న పోతున్ననా? చక్రాలు పంపాలంటే స్పోకులన్ని ఊడదియ్యాలె. మల్ల ఎవలు బిగిస్తరు, నీ పుస్తకమా?"

నిజానికి నన్ను ఆపింది స్పోకులు కాదు. భట్టీకి పంపాలంటే ముందు పాత రంగంతా ఇనుము బయటపడేదాకా గీకాలి. హ్యాండిలు వచ్చి ఫ్రేములో కలిసే మెడ దగ్గర, రంగు కింద, చిన్న ఉబ్బు ఉంది. వేలితో తడిమితే తెలిసేది. గీకితే అదేమిటో బయటపడుతుంది. పగులైతే బండీ లేదు, ఉద్యోగమూ లేదు. అందుకే పొద్దున భట్టీ అనుకునేవాణ్ణి, మధ్యాహ్నానికి కుంచె చాలనుకునేవాణ్ణి. చర్చి గంట వినిపిస్తే ఇంకో పూట గడిచిపోయిందని ఉలిక్కిపడేవాణ్ణి.

ఆయుధపూజ ముందురోజు గ్రంథాలయం నుంచి వచ్చేసరికి అమ్మ బండి పక్కన పీట వేసుకుని కూర్చుంది. పండుగకు ఇత్తడి బిందెలు తోమినట్టే, చింతపండూ ఉప్పూ కొబ్బరి పీచుకు పట్టించి బండిని తోముతోంది.

"అమ్మా! ఏం జేస్తున్నవే?"

"కండ్లు కనవడ్తలేవా? కడుగుతున్న. గింత మురికి బండికి బొట్టెట్ల పెడుదు?"

"అది బిందె కాదే!"

"బిందె లెక్కనే మెరుస్తుంది, సూడు."

చూశాను. మెడ దగ్గర నాని ఉన్న రంగు పెచ్చులుగా ఊడిపోయి, నల్లటి ఇనుము మధ్య పసుపుపచ్చటి గీత తళతళలాడుతోంది. ఎప్పుడో విరిగిన మెడను ఎవరో ఇత్తడితో అతికారు.

చాచాను పిలుచుకొచ్చాను. ఆయన పానా కొసతో కొట్టి చప్పుడు విన్నాడు, హ్యాండిలు పట్టి అటూ ఇటూ ఊపాడు.

"అతుకు మంచిగనే ఉంది. గని భట్టిల పెడితే ఇత్తడి కరుగదా?"

"కరుగది చాచా. రంగు కాలే వేడికి ఇత్తడికి ఏం గాదు. చదివిన."

"చదివినవ్ గద, మరి పంపు."

కరగదని నాకు రూఢిగా తెలుసు. కానీ ఆ నున్నటి గట్టి పొర కింద అతుకు మళ్లీ విడిపోతే, ఆ సంగతి ఎలా తెలుస్తుంది? గీత పడదు, పెచ్చు లేవదని పత్రికలో గొప్పగా రాసిందే ఇక్కడ నాకు భయమైంది. అమ్మ పీచు పిండుతూ అంది:

"గిన్ని దినాలు కనవడక పరేషానైతివి. గిప్పుడు కనవడ్డది. మల్ల కప్పుకుంటవా కొడుకా?"

ఫ్రేము హైదరాబాదుకు పోలేదు. పూజ అయ్యాక ఫ్రేముకూ చక్రాలకూ చాచాయే కుంచెతో నల్లరంగు పూశాడు. మెడ దగ్గర ఆ అతుకు వరకు వదిలేసి, తుడిస్తే పోయేలా గ్రీజు రాయమన్నాను. "జనం చూస్తే రంగు సరిపోలేదని నన్ను నవ్వుతరు" అని సణుగుతూనే రాశాడు.

సంఘం కార్యాలయంలో బండిని చూసిన అధికారి సరిగ్గా అక్కడే వంగాడు.

"ఇక్కడ రంగు మరిచిపోయినవా?"

"లేదు సార్. అతుకు ఉంది. విడిస్తే నాకు కనవడాలె."

ఆయన అతుకును చూశాడు, నన్ను చూశాడు. "ఎక్కి ఓ చుట్టు తిరిగి రా" అన్నాడు. తిరిగి వచ్చాను. ఉద్యోగం దొరికింది.

మొదటి రోజు పంపిన ఊరు హవేలిఘనపూర్. దారి బాగానే ఉంది, బండీ బాగానే నడిచింది. అయినా ఊరు రాకముందే ఆపి దిగి, బొటనవేలితో గ్రీజు తుడిచి చూశాను. పచ్చటి గీత ఉన్నచోటే ఉంది. మళ్లీ గ్రీజు రాసి ఎక్కాను. పొలాలు దాటకముందే మళ్లీ దిగాలనిపించింది.