ఒక్క టేక్‌లో కన్నీళ్లు

నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే బాత్రూమ్‌లోంచి పిల్లల గుసగుసలు వినిపించాయి. తలుపు సందులోంచి చూశాను. నాలుగేళ్ల మావాడు స్టూలెక్కి, ఏడేళ్ల అక్క చెవిలో "మమ్మీ ఈజ్ నాట్ కమింగ్ హోమ్" అన్నాడు. అది అద్దంలోకి చూస్తూ రెప్ప వేయకుండా నిలబడింది. చూస్తుండగానే కళ్లు నిండాయి, గడ్డం వణికింది, చెంపల మీద నీళ్లు జారాయి. అంతలోనే "కట్!" అని ముఖం తుడుచుకుని, "వాజ్ దట్ ఫాస్టర్?" అని తమ్ముణ్ణి అడిగింది. నా బూటు చేతిలోనే ఉండిపోయింది. ఈ ఆట ఎవరింట్లో నేర్చుకున్నారో అడగకుండానే తెలిసింది.

కెనడాలో, ఈ సర్రీలో మా వీధి చివర బేస్‌మెంట్‌లో ఒక ఆంటీ ఉంటుంది. స్కూలు వదిలాక నేనో వాళ్ల నాన్నో పని నుంచి వచ్చేదాకా పిల్లల్ని ఆమే చూసుకునేది. పుట్టింది ఫిజీలో; ఆమె తెలుగు, చెరకు తోటల్లో కూలికి వెళ్లిన ముత్తాతతో పాటు ఓడెక్కిన తెలుగు. మా తెలుగు ఫెలోషిప్‌లో క్రిస్మస్ నాటకాలన్నీ ఆమెవే. చిన్నప్పుడు రేకుల కప్పు సినిమా హాల్లో ఒక హాలీవుడ్ బాలతారను చూసిందట, ఇక మరొకరు కంటికి ఆనలేదు. ఉత్తరం రాస్తే స్టూడియోవాళ్లు పంపిన ఫొటోను, అచ్చులో పడిన సంతకంతో సహా, బైబిల్లో కీర్తనల మధ్య దాచుకుంది. ఆ తార జీవితం నాకు మా అత్తగారి జీవితం కన్నా బాగా తెలుసు. అయిదేళ్లకే తల్లి స్టూడియోకి అప్పగించడం, వాళ్లు పేరు మార్చేయడం, ఒడ్డూ పొడుగూ పెరగకుండా తిండి తగ్గించడం, పదహారేళ్లకి జనానికి మొహం మొత్తడం, నాలుగు పెళ్లిళ్లు, ఆఖరికి హోటల్ గదిలో ఒంటరిగా పోవడం. ఇవన్నీ ఆంటీ భక్తుల చరిత్రలా చెప్పేది. "ఎంత కష్టపడింది తల్లీ!" అనేది. కష్టపెట్టిందెవరని నేను ఒక్కనాడూ అడగలేదు. ఆమె చేసే కర్రపెండలం వేపుడు బాగుండేది. పిల్లల్ని చూసే మనిషి దొరికిందన్న నిశ్చింత అంతకన్నా బాగుండేది.

మొన్న క్రిస్మస్ నాటకంలో మా అమ్మాయి గొల్లవాడి కూతురు. పశువుల తొట్టి ముందు మోకాళ్లూని ప్రార్థన చేస్తూ బొటబొటా ఏడ్చింది. ముందు వరసలో ఆంటీలంతా "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. పాస్టర్ గారు పిల్లను ఆత్మ తాకిందన్నారు. నేనూ ఏడ్చాను. అక్కడితో ఆగకుండా పై ఆదివారం మైకు పట్టుకుని, నా బిడ్డను దేవుడు ముట్టాడని సాక్ష్యం చెప్పాను.

నిన్న కోటు కూడా విప్పకుండా, పిల్లల్ని వాళ్ల నాన్నకి వదిలేసి, నేరుగా ఆంటీ ఇంటికెళ్లాను.

"పిల్లకి ఏం చెప్పి ఏడిపించారు ఆంటీ?"

"ఏడిపించలేదమ్మా, నేర్పించాను. గిఫ్ట్ ఉంది దానికి. ఆ స్టార్‌కీ డైరెక్టర్ చెవిలో ఇదే చెప్పేవాడు. మీ అమ్మ వెళ్లిపోయింది, ఇంక రాదు అని. ఒక్క టేక్!"

"నా కూతురికి అదే చెప్పారా?"

"అమ్మ రోజూ వచ్చే స్కైట్రైన్ ఆగింది, అందరూ దిగారు, మీ అమ్మ దిగలేదు, అనుకో అన్నాను. అంతే! చర్చంతా ఏడ్వలేదూ? నువ్వూ ఏడ్చావుగా, టిష్యూ ఇచ్చింది నేనేగా!"

ఆమె వెనక టీవీలో ఆ తార పాత సినిమానే నడుస్తోంది. ఆరేళ్ల పిల్ల రైలు కిటికీ పట్టుకుని వెక్కుతోంది. తల్లి నిజంగా వెళ్లిపోయిందనుకుని ఏడ్చిన ఏడుపది. ఎప్పటి పిల్ల, ఎక్కడి తల్లి! పెద్దదై, ముసలిదై, పోయింది కూడా. ఏడుపు మాత్రం ఇంకా అయిపోలేదు. దాన్నే ఆంటీ మురిసిపోతూ చూస్తోంది.

"రేపట్నుంచి పిల్లల్ని పంపను."

"పంపకపోతే ఎవరున్నారు నీకు? డేకేర్ వెయిటింగ్ లిస్టులో నీ నంబరు నాకు తెలుసు."

"లేకపోతే షిఫ్ట్ మానుకుంటాను. మీరు మాత్రం మా గుమ్మం తొక్కకండి."

పెద్దావిడతో నేనలా మాట్లాడటం అదే మొదటిసారి. ఇప్పుడిది రాస్తున్నప్పుడు కూడా ఆ మాటకి బాధ లేదు. మైకు ముందు నేనన్న మాటలకే తలెత్తుకోలేకపోతున్నాను.

ఈ ఉదయం మేనేజర్‌కి ఫోన్ చేసి షిఫ్ట్ మార్చమని అడిగాను, చూద్దామన్నాడు. పాలల్లో సీరియల్ తింటున్న పిల్లల ఎదురుగా కూర్చుని, ఇక ఆంటీ ఇంటికి వెళ్లం అని చెప్పాను.

"సో, ఐ డోంట్ హావ్ టు క్రై?" అంది పెద్దది.

"ఏడుపొస్తే ఏడువు. ఎవరికోసమూ తెచ్చుకోకు. నాటకం రోజు నీకు భయమేసిందని నాకు తెలియలేదు. ఆదివారం చర్చిలో అందరి ముందూ ఆ మాట చెప్తాను. నేను పనికి వెళ్తాను, ఇంటికొస్తాను. లేటైనా వస్తాను."

"ఎవ్రీ డే? టిల్ వెన్?"

"నేనొచ్చానో లేదో నువ్వు చూడ్డం మానేసేంత పెద్దదానివయ్యేదాకా," అన్నాను. "ఆ తర్వాత కూడా."