గేటు తీసిన యాదమ్మ

అప్పటికి నాకు రాయడం రాదు. అరవై దాటాక అక్షరాలు దిద్దుకుని, ఇది ఇప్పుడు రాస్తున్నాను.

కాకినాడ నుంచి హైదరాబాద్ మణికొండలో కూతురింటికి వెళ్లినప్పుడు అల్లుడు నన్ను ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. స్టేడియం ముందు జనం పాటలు పాడుతూ తోసుకొచ్చేసరికి అతని చెయ్యి విడిపోయింది. ఇనుప కంచెకి నొక్కుకుపోయి నాకు ఊపిరాడలేదు. అంతలో ఒక సెక్యూరిటీ ఆవిడ పక్కనున్న బండ్ల గేటు బార్లా తీసి నన్ను లోపలికి లాగింది.

గోడ వారన కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తుంటే ఆమె సూపర్‌వైజర్ వచ్చి అరిచాడు.

"ఎవర్ని అడిగి తీసినవ్? టికెట్ లేనోళ్లంతా లోపలికొచ్చిన్రు. రేపు పొద్దుగాల కొండాపూర్ ఆఫీసుకొచ్చి యూనిఫాం ఇచ్చిపో!"

"వచ్చిన్రు సార్. బతికి వచ్చిన్రు గద."

అతను వెళ్లాక కళ్లు తుడుచుకుంది. పేరు యాదమ్మ. ఆ జీతంతోనే ఇద్దరు పిల్లల్ని చదివిస్తోందట.

"తోసినవాళ్లని ఏమీ అనరేమండీ?" అన్నాను కోపంగా.

"ఎనకున్నోళ్లకు ముందట ఏమైతుందో ఏం తెలుస్తది పెద్దమ్మా? మ్యాచ్ షురూ అయితదని ఉరికిన్రు. గేటు కాడ ఉన్నది నేను, నాకు కనబడ్డది. జర నీళ్లు తాగు నువ్వు."

మా వైపు కొత్తవాళ్లని నువ్వు అనరు. ఆమె అంటే మాత్రం సొంత మనిషి కసురుకున్నట్టుంది.

కాసేపటికి అల్లుడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మర్నాడు పొద్దున్నే అతన్ని వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకి వెళ్లాను. యాదమ్మ మడతపెట్టిన యూనిఫాం పట్టుకుని నిలబడి ఉంది. అది తీసుకుని నా ఒళ్లో పెట్టుకుని, సూపర్‌వైజర్ ఎదురుగా కూర్చున్నాను.

"ఈవిడ గేటు తీస్తే బతికినదాన్ని నేనేనండీ. ముందు నా మాట వినండి," అన్నాను.